చింపని చావు కార్డు

మనిషిని వెతకడం కష్టమని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మన దిక్కున అంతకంటే తేలికైన పని ఇంకొకటి లేదు. ఊరు, ఇంటిపేరు, ఏ పని చేసుకుని బతికే ఇల్లో తెలిస్తే చాలు. చాయ్ హోటల్లో కూర్చుని ఆ మూడు ముక్కలూ గట్టిగా అంటే, గ్లాసు ఖాళీ అయ్యేలోపల ఆ మనిషి మేనత్తను ఎక్కడికిచ్చారో కూడా చెప్పేస్తారు. తెలియనివాళ్లు కూడా చెప్తారు, అదొక్కటే చిక్కు.

కరీంనగర్‌లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. రాజుల పేర్లూ యుద్ధాలూ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇక మామూలు మనుషుల సంగతేమిటో చూద్దామని పాత పోస్టుకార్డుల వెంట పడ్డాను. పాత కాగితాల దుకాణాల్లో ఎవరింటివో కార్డులు కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. నాకు నచ్చినవి ఏరుకుంటాను, అడ్రసు పట్టుకుని ఆ ఇంటికి పోతాను, రాసిందెవరో, వాళ్లు ఏమయ్యారో అడిగి తెలుసుకుని, కార్డు వాళ్ల చేతిలో పెట్టి వస్తాను. ఈ పని చెయ్యమని నన్నెవరూ అడగలేదు. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మా ఆయన అంటాడు. అంటూనే నేను తెచ్చిన ప్రతి కార్డూ నాకంటే ముందు చదువుతాడు.

ఇన్నేళ్ల మీద నాకు కార్డు చదవడం వచ్చింది. అక్షరాలు చదవడం కాదు, కార్డు చదవడం. బొంబాయిలో బట్టల మిల్లుకు పోయినవాడు 'నేను ఇక్కడ చాలా మంచిగ ఉన్నాను' అని రాశాడంటే వాడు మంచిగ లేడు. మంచిగ ఉన్నవాడు ఆ మాట రాయడు, ఏం తిన్నాడో రాస్తాడు. బర్రె ఈనిందని నాలుగు వరుసలు రాసి చివర మూలకు 'చెల్లెకు జెరమొచ్చింది' అని ఇరికించి రాస్తే, అసలు సంగతి ఆ మూలన ఉన్నదే. పెళ్లి కబురైతే నాలుగు మూలలా పసుపు ఉంటుంది, ఎన్నేళ్లయినా వేలికి అంటుతుంది.

చావు కార్డు సంగతి వేరు. దాని మీద శ్రీకారం ఉండదు, క్షేమ సమాచారాలు ఉండవు. ఫలానా మనిషి పోయిండు, అంతే. దాన్ని ఇంట్లోకి తీసుకురారు. గడప బయటే నిలబడి చదివి, చదివిన చోటే చింపేసి, తలమీద నీళ్లు పోసుకుని లోపలికి వస్తారు. అందుకే ఇన్ని కార్డుల మధ్య నాకు ఒక్క చావు కార్డు కూడా దొరకలేదు. దొరకదు కూడా అని దుకాణం ఆయనతో బల్లగుద్ది చెప్పాను.

చెప్పిన కొద్దిరోజులకే ఆయన ఫోన్ చేశాడు. "మేడం, వేములవాడ దిక్కుకెల్లి పాత పెంకుటిండ్ల సామాను వచ్చింది. అందుల మీరు లేదన్నది ఉన్నది."

పోయి చూస్తే నిజమే. పొగచూరి గోధుమరంగుకు తిరిగిన కార్డు, నేత గుడ్డముక్కలో చుట్టి ఉంది. బెల్లంపల్లిలో వేసినట్టు ఒక ముద్ర, వేములవాడకు చేరినట్టు ఇంకో ముద్ర. మాటలు రెండే రెండు వరుసలు. మీ బామ్మర్ది నిన్న పొద్దున సచ్చిపోయిండు, మీ ఇంటిదానికి చెప్పగలరు. కింద ఆ బామ్మర్ది పేరు. ఎక్కడా చిన్న చిరుగు లేదు, మడత లేదు.

నా బుర్ర రైలింజనులా పరుగెత్తింది. చావు కార్డు చింపకుండా ఉందంటే, చదివినవాడు దాన్ని దాచాడన్నమాట. ఎందుకు దాస్తాడు? తమ్ముడు పోయాడని భార్యకు తెలియకూడదని. ఆమె కడుపుతో ఉండి ఉంటుంది, లేదా జబ్బు మనిషి అయి ఉంటుంది. పాపం ఆ అక్క, తమ్ముడు ఇవ్వాళ వస్తాడు రేపు వస్తాడు అని ఎదురుచూసి ఉంటుంది! దుకాణంలోంచి ఇల్లు చేరేలోపల నేను ఆ కథ మొత్తం అల్లేశాను, నాకు కంటనీరు కూడా వచ్చింది. మా ఆయన కార్డు తిప్పి చూసి "నువ్వు చెప్పింది నిజమే కావొచ్చు" అన్నాడు. ఆయన అలా ఒప్పుకున్నాడంటేనే నాకు అనుమానం రావాల్సింది.

ముందు వేములవాడ పోయాను. రాజన్న గుడికి పోయే రోడ్డు వెడల్పు చేసినప్పుడు కార్డు మీదున్న గల్లీ సగం పోయింది. మిగిలిన సగంలో లాడ్జీలు లేచాయి. పాత ఇళ్లవాళ్లు తలో దిక్కూ పోయారు. హోటల్లో చాయ్ తాగుతున్న వాళ్లందరూ నాలాగే వేరే ఊరినుంచి వచ్చినవాళ్లు, మొక్కులవాళ్లు. నా చాయ్ సూత్రం అక్కడ పారలేదు. సరే, అటునుంచి నరుక్కొద్దామని మంచిర్యాల మీదుగా బెల్లంపల్లి బస్సెక్కాను.

బెల్లంపల్లిలో బొగ్గుగనిని బాయి అంటారు. ఒకప్పుడు మూడు పూటలా సైరన్లకు లేచి పడుకున్న ఊరు, ఇప్పుడు చాలా బాయిలు మూతపడ్డాయి. కానీ ఆ బాయిల్లో దిగిన ముసలివాళ్లు మాత్రం హోటళ్ల ముందు బెంచీల మీద ఇంకా షిఫ్టుకు వచ్చినట్టు టైముకు వచ్చి కూర్చుంటారు. నాకు కావలసింది అదే. కూర్చుని, గట్టిగానే అడిగాను. వేములవాడల అక్క ఉన్న సాలోళ్ల, అంటే నేతోళ్ల, పిలగాడు ఎనకట బాయి పనికి వచ్చి పోయిండు, అతనివాళ్లు ఎవరన్నా ఉన్నరా అని. నేతవాళ్లని కార్డు మీది ఇంటిపేరూ ఆ గుడ్డముక్కా చెప్పాయి.

ఒక పెద్దాయన చాయ్ ఊదుకుంటూ అన్నాడు, "వేములవాడ సాలాయన ఉన్నడు గని, సచ్చిపోలే."

అన్నో, తమ్ముడో, పాలివాడో అయి ఉంటాడనుకున్నాను. ఆయన చూపించిన లైన్లలోకి, అంటే ఒకే గోడను పంచుకున్న గని కార్మికుల ఇళ్ల వరసలోకి, మొహం గంభీరంగా పెట్టుకుని నడిచాను. వాకిట్లో నవారు మంచం మీద ఒక ముసలాయన దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎముకల గూడు, రొమ్ము పైకీ కిందికీ పోతోంది. పక్కన కోడలు చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. నేను పీట మీద కూర్చుని, చావు మాటకు తగ్గ గొంతుతో మొదలుపెట్టాను.

"బాపూ, మీ ఇంట్ల ఒకాయన ఎనకట పోయిండట గద. ఆయన పేరు..." అని కార్డు మీది పేరు చదివాను.

ముసలాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గది నా పేరే బిడ్డా."

కోడలి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. నేను కార్డు తీసి ఆయన చేతికిచ్చాను, ఇంకేం చెయ్యాలో తోచక. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుకున్నాడు. చదివి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా కోడలు వీపు రాసింది. "కాకి తన్నింది బిడ్డా," అన్నాడు, "గా కార్డు రాసింది నేనే."

అప్పుడు నా బుర్రకు తట్టింది. టీచరమ్మను, ఊళ్లో పుట్టినదాన్ని, మా ఇంట్లో కూడా జరిగిన సంగతే, ఎలా మరిచానో! కాకి నెత్తిమీద తన్నితే చావు దగ్గరికొచ్చినట్టని మనవాళ్ల నమ్మకం. దానికి విరుగుడు ఒకటే. ఆ మనిషి చచ్చిపోయాడని దగ్గరి చుట్టాలకు కబురు పంపాలి. వాళ్లు నమ్మాలి, గుండెలు బాదుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం పోతుంది. ఆ తర్వాత ఉత్తదేనని ఇంకో కబురు పంపాలి. చావు ఉత్తది కావాలి, ఏడుపు మాత్రం నిజం కావాలి. అదీ లెక్క.

ఆయన కథ ఆయనే చెప్పాడు, మధ్యమధ్య దమ్ము తీసుకుంటూ. బాయి షిఫ్టు దిగి పైకొస్తుంటే కాకి వచ్చి నెత్తిమీద తన్నింది. అప్పుడు కొత్తగా చేరాడు. బాయిలో ఎప్పుడేం కూలుతుందో తెలియని రోజులు. లైన్లలో పెద్దవాళ్లు జంకారు, వెంటనే చావు కబురు పంపమన్నారు. ఎవరికి పంపాలి?

"అవ్వ లేదు, బాపు లేడు. నాకు ఏడ్సేటోల్లు ఎవరున్నరు? అక్కనే. నన్ను సంకల ఎత్తుకొని పెంచింది. లగ్గమై పోయేటప్పుడు నన్ను సుత వెంట తోల్కపోత అని మొండిచేసింది. గట్ల ఏడ్సేది ఆమెనే అని ఆమెకే రాసిన."

మనిషిని పంపితే ఆ మనిషే ఏడుపు చూసి, అక్కడికక్కడే ఉత్తదని చెప్పి వచ్చేవాడు. ఈయన కార్డు వేశాడు. తెల్లారి రెండో కార్డు వేశాడు, నేను మంచిగ ఉన్న, కాకి తన్నితే రాసిన, ఫికర్ చెయ్యకుండ్రి అని. మొదటి కార్డు అందగానే అక్క బయలుదేరింది. రెండో కార్డు పోయేసరికి ఆమె ఇంట్లో లేదు.

"జుట్టు ఇరబోసుకొని వచ్చింది బిడ్డా. గా మూలమలుపు కాడికెల్లే ఏడ్పు ఇనబడ్డది. చేతుల కొత్త బట్ట. మా బావ మగ్గం మీదికెల్లి కోసి ఇచ్చిండు, నా మీద కప్పెతందుకు. నేను గిదే వాకిట్ల కూసోని అన్నం తింటున్న."

"మరి నువ్వేం చేసినవ్ బాపూ?"

"నవ్విన." ఆయన గొంతు తగ్గింది. "అందరు నవ్విండ్రు. అక్కను సూడంగనే గండం పోయినట్టే అనిపించింది, సంబురమైంది, నవ్విన. ఆమె గా బట్ట నా మొఖాన కొట్టింది. రాజన్న మీద ఒట్టు, నీ మొఖం మళ్ల సూడ అన్నది. నిలబడ్డ కాళ్ల మీదనే ఎల్లిపోయింది, నీళ్లు సుత తాగలే."

అంతే. ఆ తర్వాత ఒకసారి ఆయన వేములవాడ పోతే బావ తలుపు తియ్యలేదు. మొండితనానికి అక్క ఎంతో తమ్ముడూ అంతే, ఇంకోసారి పోలేదు. రాఖీ పున్నమికి లైన్లలో అందరి చేతులకూ దారాలు మెరుస్తుంటే ఈయన తువ్వాల చేతికి చుట్టుకుని కూర్చునేవాడట. ఆ మాట కోడలు చెప్పింది. ఈమధ్య ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని పోయిందని, మందులతో నడిచినన్నాళ్లు నడుస్తుందని డాక్టరు చెప్పాడని కూడా ఆమే చెప్పింది, ఆయన ముందే.

ఆయన కార్డును తిప్పి తిప్పి చూశాడు. నవ్వు ఎప్పుడో పోయింది. "నేను బతికే ఉన్నా అని ఆమెకు ఎర్కనే గద. ఉత్త చావు కార్డు. గిన్నేండ్లు చింపకుంట ఎందుకు వెట్టుకున్నట్టు? నేను సచ్చినోన్నే అనుకుందామనా?" అది పాత కాగితాల దుకాణంలో దొరికిందని నేను చెబితే అన్నాడు, "ఇప్పుడు చిత్తుకాయితాలల్ల అమ్ముకున్నది. గది సుత అయిపోయింది."

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు, ఆయన మీదే కావచ్చు. ఇంత పట్టుదల ఎందుకయ్యా, అక్కచెల్లెళ్లు తిట్టకపోతే ఎవరు తిడతారు అని గట్టిగా అడగాలనిపించింది. ఆ రొమ్ము ఎగిరిపడడం చూసి ఊరుకున్నాను. "ఉన్నదా అక్క?" అని మాత్రం అడిగాను. ఉందన్నాడు. పెళ్లిళ్లలో చావుల్లో అటువైపు చుట్టాలు కలిస్తే దొంగచాటుగా అడుగుతూనే ఉన్నాడట. వేములవాడ బయట కొత్త కాలనీలో మనవడి దగ్గర ఉంది.

"కార్డు నేను తీసుకపోత," అన్నాను, "ఎందుకు వెట్టుకున్నదో అడిగి వస్త."

"తిట్టిందంటే నాకు చెప్పకు," అన్నాడు.

మర్నాడే పోయాను. అలాంటి పనులు వాయిదా వేసే అలవాటు నాకు లేదు. మనవడి ఇల్లు ముందుగదిలో పవర్‌లూములు, వెనక కాపురం. మగ్గాల చప్పుడుకు ముందుగదిలో మాట వినబడదు. వెనక వరండాలో అవ్వ కూర్చుని ఉంది. చిన్న మనిషి, చెవులకు గంటీలు, చూపు మాత్రం సూది. నేనెవరో, ఎందుకొచ్చానో చెబుదామని నోరు తెరిచేలోపల నా చేతిలో గుడ్డముక్క చూసింది.

లేచి నిలబడింది. అంత వయసు మనిషి అంత చప్పున లేవడం నేను చూడలేదు. గుడ్డ లాక్కుని, విప్పి, కార్డును రెండువైపులా తడిమింది. చదువు రాదు ఆమెకు. అంచుల వెంట వేలు పెట్టి నాలుగు వైపులా చూసింది.

"చింగలేదు," అన్నది. "బిడ్డా, చింగలేదు గదా? నాకు దగ్గరివి మంచిగ ఆనుతలేవు, నువ్వు సూడు."

"చినగలేదవ్వా."

"అయితే ఉన్నడు."

ఆమె అక్కడే కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ముందుగదిలో మగ్గాలు ఆపి మనవడు పరుగెత్తుకొచ్చాడు. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

అప్పుడు చెప్పింది. ఆరోజు కోపంతో తిరిగొచ్చేసరికి భర్త చేతిలో రెండో కార్డు ఉంది, తమ్ముడు మంచిగ ఉన్నాడన్న కార్డు. ఇంతమందిలో నా ఇంటిదాన్ని నవ్వులపాలు చేస్తాడా అని మంటెక్కి ఆయన దాన్ని చింపి పొయ్యిలో పెట్టాడు. చావు కార్డును కూడా చింపబోయాడు. ఈమె అడ్డంపడి గుంజుకుంది.

"చావు కార్డు చింపుడు ఎప్పుడు బిడ్డా? మనిషి పోయినప్పుడు. బతికున్నోని మీద వచ్చిన కార్డు చింపితె ఏమైతది? ఆడు బాయిల దిగేటోడు. నాకు భయమైంది. మంచి కార్డు కాల్సిండ్రు, ఇగ ఇది చింపితె మిగిలేదేంది? ఇంట్లకు తేవద్దు గద, గందుకే సూరుల వెట్టిన. వానకు తడవకుంట గుడ్డ సుట్టిన. పొద్దున ఊడ్సేటప్పుడు సూసుకునేది, ఉన్నదా అని. ఉంటె, తమ్ముడున్నట్టు."

రోడ్డు కోసం ఇల్లు కూల్చిన రోజు ఆమె ఆస్పత్రిలో ఉంది, కంటి ఆపరేషన్‌కు. వచ్చేసరికి చూరూ లేదు, కార్డూ లేదు. పెంకులు ఒకరు, కట్టెలు ఒకరు, కాగితాలు ఒకరు తీసుకుపోయారు. ఎవరినీ అడగలేకపోయింది. చావు కార్డు దాచిపెట్టుకున్నానని ఏ మొహంతో చెప్పుకుంటుంది? ఎవరో చింపేసి ఉంటారని, తమ్ముడు పోయి ఉంటాడని, లోపల్లోపల కుమిలింది.

"మరి బెల్లంపల్లికి ఒక్క ఫోన్ చేయించి అడగకపోయినవా అవ్వా?"

"అడిగితె పోయిండంటరేమో అని," అన్నది. "పోయినా ఆళ్లు నాకు కబురు చెయ్యరు బిడ్డా. చేసినా నేను నమ్ముతనా? ఒకపాలి నమ్మిన."

నేను ఏడ్చాను. దాచడం ఎందుకు, అక్కడ కూర్చునే ఏడ్చాను. దుకాణం నుంచి ఇంటికొచ్చేలోపల కార్చిన కంటనీరు నేను అల్లిన కథకు. ఇది వేరు. తమ్ముడి దమ్ము సంగతి చెప్పక తప్పలేదు, చెప్పాను. ఆమె నిదానంగా విని, ఒట్టు గురించి ఆలోచించింది. రాజన్న ఊళ్లో ఉండి రాజన్న మీద పెట్టుకున్న ఒట్టు తప్పడం చిన్న సంగతి కాదు.

"రాజన్నకు కోడె మొక్కు చెల్లిస్త, గుడిల కోడెను కట్టేస్త," అన్నది చివరికి. "తప్పు వడ్డ అని చెప్పుకుంట. ఆయన సుత అక్కచెల్లెండ్ల మొక్కులు శానా సూసిండు, నా తిప్పలు ఆయనకు ఎర్కలేదా?"

తెల్లవారి మనవడూ నేనూ ఆమెను గుడికి తీసుకుపోయాం. కోడె పలుపు పట్టుకుని గుడి చుట్టూ తిరిగింది, మనవడు భుజం పట్టుకుని నడిపించాడు. కోడెను కట్టేసి, దండం పెట్టి, గుడి మెట్లు దిగుతూనే "బండి ఏది?" అని అడిగింది. ఇంటికి పోయి చీర మార్చుకుందామని మనవడంటే వాణ్ని చూసిన చూపుకు వాడు తాళంచెవి తీశాడు.

గోదావరి దాటుతున్నప్పుడు ఆమె ఒక నాణెం అడిగి కిటికీలోంచి నీళ్లలోకి వేసింది. లైన్ల దగ్గర బండి ఆగేసరికి, నేను ఫోన్‌లో చెప్పిన మాట కోడలు అందరికీ చెప్పేసినట్టుంది, ఇళ్లముందు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆరోజు నవ్వినవాళ్లలో తమ్ముడు తప్ప ఒక్కరు కూడా మిగల్లేదు. అక్కాతమ్ముళ్లు ఇన్నేళ్లకు కలుస్తున్నారు, మెడలు పట్టుకుని శోకాలు పెడతారని అందరూ కొంగులు సిద్ధం చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను.

ఆయన మంచం దిగబోయాడు. దమ్ము సరిపోక అంచునే ఆగిపోయాడు. "అక్కా," అన్నాడు, మళ్లీ దగ్గు. ఆమె పోయి పక్కన కూర్చుంది. దగ్గు తగ్గేదాకా ఆయన వీపు రాసింది, చిన్న పిల్లాడి వీపు రాసినట్టు. ఒక్క చుక్క కంటనీరు పెట్టలేదు.

"ఏడ్వవానే?" అన్నాడాయన, ఊపిరి అందాక. "తిట్టనన్న తిట్టు."

"నీకు ఏడ్సేది అప్పుడే ఏడ్సిన్రా తమ్మీ," అన్నది ఆమె. "ఏములాడకెల్లి గీడిదాంక, తొవ్వ పొడుగూత ఏడ్సిన. ఇంకోపాలి ఏడ్వ నాతోని కాదు. ఇగ నీ వంతు. నేను పోతె నువ్వు వచ్చి ఏడ్వాలె. గందాక నువ్వు ఉండాలె."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఉంటనే అక్కా," అన్నాడు.